వంకకు అవతలి గేటు

పోయిన నెల పుంగనూరు నుంచి ఫోన్ వచ్చింది. మా మేడం పోయారని ఆమె అక్క కూతురు చెప్పింది. ముందు రోజు సాయంత్రం దాకా మిద్దె మీద కనకాంబరం చెట్లకు నీళ్లు పోసుకున్నారట, పొద్దున లేవలేదట. ఫోన్ పెట్టేశాక ఏడుపు వస్తుందేమోనని కాసేపు కుర్చీలో కూర్చున్నాను. రాలేదు. ఆమె వాకిట్లో నిలబడి "లోపలికి రావచ్చునా?" అని అడుగుతున్నట్టే అనిపించి, నవ్వొచ్చింది.

ఆమె ఎక్కడికి వెళ్లినా అడిగేవారు. తలుపు బార్లా తెరిచి ఉన్నా గడప దగ్గర ఆగేవారు. మా క్లాసులోకి కూడా అంతే. మదనపల్లెలో మేం లా చదివే రోజులవి. మిగతా లెక్చరర్లు హాజరు పిలుస్తూనే లోపలికి వచ్చేవారు. ఈమె చాక్‌పీసుకు కాగితం చుట్టుకుని గుమ్మంలో నిలబడి, మాలో ఎవరో ఒకరు "రండి మేడం" అనేదాకా కదిలేవారు కాదు. మొదటి రోజు ఎవరికీ ఆ సంగతి తెలియక అయిదు నిమిషాలు ఆమె అక్కడే నిలబడ్డారు, మేం ఇక్కడ కూర్చున్నాం.

పుంగనూరు బస్సులోనూ ఇదే తంతు. టమోటా బుట్టలు పైకెత్తే గోలలో, మూడు సీట్లలో ఒకడే కూర్చుని ఉంటే, "ఈడ కూర్చోవచ్చునా అప్పా?" అని అడిగేవారు. "సీటేమన్నా నాదా అమ్మా, కూర్చో" అని వాళ్లు నవ్వేవారు. "నువ్వు ముందొచ్చినావు కదప్పా" అని ఆమె కూర్చునేవారు. యాభై దాటిన మనిషి, సన్నగా, నేత చీరలో, భుజాన గుడ్డ సంచి. ఆ సంచిలో పుస్తకాలతో పాటు ఉడకబెట్టిన వేరుశనగ కాయలు, మా వైపు మాటలో చెనక్కాయలు, ఎప్పుడూ ఉండేవి. ఇంటర్వెల్లులో మాకు తలా గుప్పెడు పెట్టేవారు.

ఆమె చెప్పేది అంతర్జాతీయ న్యాయం. అది ఎవరికీ అక్కరలేని పేపరు. మాలో సగం మంది భూమి తగాదాల కేసుల మీద, మిగతా సగం క్రిమినల్ కేసుల మీద బతకాలనుకున్నవాళ్లం.

"దీంతో మదనపల్లె కోర్టులో ఎవురి మీద కేసేస్తాం మేడం? బెంగళూరు మీదనా?" అని రెడ్డప్ప ఒకసారి అడిగాడు. రెడ్డప్పది తంబళ్లపల్లె పక్క. గొర్రెపొట్టేలును భుజాన వేసుకుని కొండెక్కగల మనిషి.

"ముందు చిత్తూరు మీద వేసి ప్రాక్టీసు చేసుకోప్పా, తరవాత బెంగళూరు సూద్దాం" అన్నారు మేడం.

మేం చివరి సంవత్సరంలో ఉండగా ఎండాకాలం ముందు యూరప్‌లోని కొసావో మీద బాంబులు పడడం మొదలైంది. అక్కడి అల్బేనియన్ల ఊళ్లను సెర్బియా బలగాలు ఖాళీ చేయిస్తున్నాయని, మనుషుల్ని చంపుతున్నాయని పేపర్లు రాస్తున్నాయి. పడమటి దేశాల కూటమి నాటో వాళ్లను కాపాడతామని విమానాలు పంపింది. ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి అనుమతి మాత్రం తీసుకోలేదు. ఆ రోజు మేడం పాఠం పక్కన పెట్టి బోర్డు మీద ఒకే ముక్క రాశారు: ఇది చట్టబద్ధమేనా?

సమితి చార్టరులోని రెండో ఆర్టికల్, నాలుగో క్లాజు మాకు అప్పటికే కంఠతా వచ్చు. ఏ దేశమూ ఇంకో దేశం మీద బలం ఉపయోగించరాదు. మినహాయింపులు రెండే. తన మీద దాడి జరిగితే తనను తాను కాపాడుకోవచ్చు. లేదా మండలి ఒప్పుకోవాలి.

నేను లేచాను. మాది పెద్దమండ్యం దగ్గర పల్లె. మా నాయన కూలికి పోయి నన్ను చదివించాడు. పక్కింట్లో ఆడమనిషి అరుస్తుంటే "వాళ్లింటి సంగతి" అని వీధి వీధంతా తలుపులు వేసుకోవడం చూస్తూ పెరిగినదాన్ని. నాకు ఆ క్లాజు ఆ తలుపు మాదిరే కనిపించింది.

"మండలిలో అయిదు పెద్ద దేశాలుండాయి. ఒకరు కాదంటే అయిపాయె. అంతవరకూ జనం చస్తాంటే సూస్తా కూర్చోవాల్నా మేడం? డెబ్బయ్ ఒకటిలో మన సైన్యం తూర్పు పాకిస్తాన్‌లోకి పోలేదా? పోకుండా ఉండింటే ఇంకా ఎంతమంది పోయేటోళ్లు?"

"పోయింది. మంచి జరిగింది. కాదనను" అన్నారు మేడం. "కానీ మనోళ్లు ప్రపంచం ముందు గట్టిగా పట్టుకున్న కారణం ఏందమ్మా? మా విమానాశ్రయాల మీద దాడి జరిగింది, అందుకే తిరగబడినాము అని. జనాన్ని కాపాడే హక్కు మాకుండాది, యాడికైనా పోతాము అని చెప్పలా. యాల చెప్పలా?"

ఎందుకు చెప్పలేదో మేం ఆలోచించేలోగా ఆమే అందుకున్నారు.

"ఈ పొద్దు మనం ఆ హక్కు ఉండాదంటే, రేపు బలమైనోడు ప్రతివాడూ అదే మాట చెప్పి పక్కోడి ఇంట్లోకి పోతాడు. అక్కడ నిజంగా జనం చస్తాండారా, వీడికి కావాల్సింది ఇంకేమన్నా ఉండాదా, ఎవురు తేల్చాల? పోయేటోడే తేల్చుకుంటే ఎట్ల?"

"ఎవురు తేల్చాల?" అనేది ఆమె ఊతపదం. క్యాంటీన్‌లో కాఫీ బాగుందని ఎవరన్నా అంటే కూడా అదే అడిగేవారు.

నేను వదల్లేదు. "అయిదేళ్ల ముందు ర్వాండాలో లక్షలమందిని నరికేస్తాంటే ఎవురూ పోలేదు కదా మేడం. అందరూ చట్టం పాటించి కూర్చున్నారు. ఏమైంది?"

ఆమె చేతిలోని చాక్‌పీసు కాగితాన్ని విప్పి, మళ్లీ చుట్టారు. "దానికి నా దగ్గర జవాబు లేదమ్మా" అన్నారు చివరికి. గంట కొట్టారు. లెక్చరర్ నోట అలాంటి మాట నేను వినడం అదే మొదటిసారి. ఓడించానన్న సంతోషం కలగలేదు. ఆమె మీద గౌరవం మాత్రం పెరిగిపోయింది.

పరీక్షలు వాయిదా పడ్డాయి. ఆ వానాకాలంలో మా కాలేజీ వాళ్లు కుప్పం అవతల ఒక పల్లెలో న్యాయ సహాయ శిబిరం పెట్టారు. మేడం, మేం పన్నెండుమంది విద్యార్థులం. బడి వరండాలో బల్ల వేసుకుని పింఛన్ల అర్జీలు రాసిపెట్టడం మా పని. బడి వెనక చిన్న వంక, మోకాటి లోతు నీళ్లు. వంకకు అవతల తమిళనాడు. అక్కడ ఒక గ్రానైట్ క్వారీ. మోత పగలంతా వినిపించేది.

మూడో రోజు మోత వినిపించలేదు. పొద్దున పదకొండు గంటలప్పుడు ఒకామె వంక దాటి తడిసిన చీరతో బడి దగ్గరికి వచ్చింది. మోచేతుల మీద ముళ్లకంచె గీరిన రక్తం.

"అమ్మా, గేటుకు బీగం ఏసినారు" అంది. "లోపల అందరికీ వాంతులు, బేదులు. నిన్న మా మామ సచ్చిపోయినాడు. పిల్లోళ్లు కండ్లు తెరస్తా లేరు. నేను కంచె కింద దూరి వచ్చినా."

అడ్వాన్సు తీసుకున్న కూలీలు పని వదిలి పోతారని క్వారీ వాళ్లు గేటుకు తాళం వేసి ఉంచేవారట. యజమాని ఊళ్లో లేడు.

మేడం ఆమెను కూర్చోబెట్టి, ఉప్పు వేసిన మజ్జిగ ఇప్పించి, నన్ను పిలిచారు. "నోటుబుక్కు తీసుకోమ్మా. ఇప్పట్నుంచి జరిగేదంతా టైముతో సహా రాయి."

ఊళ్లో ఉన్న ఒక్క ఫోన్ దగ్గరికి వెళ్లాం. మా వైపు స్టేషన్‌లో విషయం విన్నారు. "అది మా లిమిట్స్ కాదు మేడం, అవతలి వాళ్లకు చెప్పండి" అన్నారు. అవతలి స్టేషన్‌లో ఎత్తిన కానిస్టేబుల్, సారు బందోబస్తుకు పోయారని, సాయంత్రమో రేపో పంపిస్తామని చెప్పాడు. మేడం ఫోన్‌లో మాట్లాడిన ఇద్దరి పేర్లూ నా చేత రాయించారు. తరువాత ఆసుపత్రికి ఫోన్ చేస్తే డాక్టరు జీపులో వస్తానన్నాడు, గంట పడుతుందన్నాడు. "వంక దాటి రాలేను, పేషెంట్లను ఇవతలికి తెస్తే చూస్తాను" అన్నాడు.

అందరం వంక దాటాం. గేటు దగ్గర ముసలి వాచ్‌మన్ ఒక్కడే బీడీ తాగుతూ కూర్చున్నాడు. ఇనుప గేటు, గొలుసు, పిడికెడంత తాళం. మేడం గేటు ముందు నిలబడి అడిగారు.

"అప్పా, లోపలికి రావచ్చునా?"

"బీగంచెవి ఓనరు దగ్గరుండాది తాయీ. సేలం పోయినాడు. నేనేం సేసేది?"

"లోపల మనుషులు చస్తాండారంట."

"తెలుసు తాయీ." అతను తలెత్తలేదు. "తెరిస్తే నా పని పోతాది."

లోపలి నుంచి పిల్ల ఏడుపు వినిపించింది. ఏడుపు అనడానికి కూడా లేదు, మూలుగు. మేడం రెండోసారి అడిగారు. మూడోసారి అడిగారు. అతను చెయ్యి అడ్డం ఊపాడే గాని లేచి అడ్డుకోలేదు. గేటు పక్కన రాళ్లు పగలగొట్టే సమ్మెట ఒకటి గోడకు ఆనించి ఉంది. రెడ్డప్ప పోయి దాన్ని ఎత్తుకున్నాడు.

"తప్పుకోండి మేడం. రెండు దెబ్బలు."

"ఇట్లియ్యి" అన్నారు మేడం.

"మీ వల్ల కాదు మేడం."

"నువ్వు కొడితే కేసు నీ మీద పడతాది. రేపు లాయరుగా పేరు రాయించుకోవాల్సినోడివి. ఇయ్యప్పా ఇట్ల."

రెడ్డప్ప ఇచ్చాడు. ఆమె చీర కొంగు నడుముకు బిగించి నా వైపు తిరిగారు. "రాసుకోమ్మా. పన్నెండూ ఇరవై. మూడుసార్లు అడిగినాం. రెండు స్టేషన్లకు చెప్పినాం. తాళం నేను పగలగొడతాండాను. పిల్లలెవరూ చెయ్యి వెయ్యలేదు."

మొదటి దెబ్బ గేటుకు తగిలింది. రెండోది గొలుసుకు. మూడోదానికి సమ్మెట చేతిలోంచి జారింది. ఆమె వంగి మళ్లీ ఎత్తుకున్నారు. ఎన్నో దెబ్బకు తాళం విడిందో నేను రాసుకోలేదు, ఆమెనే చూస్తూ ఉండిపోయాను. విడినప్పుడు ఆమె అరచేతుల్లో బొబ్బలు పగిలి ఉన్నాయి.

లోపల టార్పాలిన్ గుడిసెలు వరసగా ఉన్నాయి. తవ్వి వదిలేసిన గుంతలో పచ్చటి నీళ్లు. వాళ్లు తాగింది అవే. మేం పిల్లల్ని చంకనేసుకుని, పెద్దల్ని గోనెపట్టాల మీద మోసుకుని వంక దాటించాం. రెడ్డప్ప ఒక్కడే ఎన్ని విడతలు దాటాడో. డాక్టరు వచ్చేసరికి బడి గదులు నిండిపోయాయి. కిటికీ ఊచలకు సెలైన్ సీసాలు కట్టాం. ఆ రోజు బయటికి తెచ్చినవాళ్లలో ఒక్కరూ పోలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు గుండె నిండుతుంది.

చివరి విడతలో రెడ్డప్ప క్వారీ ఆఫీసు గది ముందు ఆగాడు. గదికీ తాళం ఉంది. బయట యజమాని కొత్త మోటారు సైకిలు. రెడ్డప్ప కళ్లు ఎర్రగా ఉన్నాయి. సమ్మెట కోసం చూశాడు.

"యాలప్పా?" అన్నారు మేడం.

"వీళ్లను ఊరికే వదిలేద్దామా మేడం?"

"మనం మనుషుల కోసం వచ్చినాం. మనుషులు బయటికి వచ్చేసినారు. ఇంక ఈడ మనకేం పని? పద."

అందరినీ దాటించాక వాచ్‌మన్‌తో, "పోయొస్తామప్పా, నువ్వూ ఆ నీళ్లు తాగొద్దు" అని చెప్పి, అందరికంటే చివర ఆమె వంక దాటారు.

మేం అంతటితో అయిపోయిందనుకున్నాం. మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా, చేతులకు గుడ్డ చుట్టుకుని, మేడం నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కి అవతలి స్టేషన్‌కు వెళ్లారు. బందోబస్తు నుంచి అప్పుడే వచ్చిన ఎస్సై తెలుగు తెలిసినవాడే. ఆమె ఇంగ్లీషులో రాసిన కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"తాళం పగలగొట్టి లోపలికి పోయినాను, దీని మీద విచారణ జరపండి అని మీరే రాసిస్తాండారా?"

"అవును."

"ఎవురూ కంప్లైంట్ ఇయ్యలేదే అమ్మా. ఓనరు భయపడి ఇయ్యడు కూడా. యాల మీకీ తలకాయనొప్పి? ఇంటికి పోండి."

"మీ ఊళ్లోకి మీరు రమ్మనకుండానే వచ్చి గేటు పగలగొట్టి పోయినాము. చెప్పకుండానే పోతే ఎట్ల?"

ఆమె ఇచ్చిన కాగితమే ఆమె మెడకు చుట్టుకుంది. అందులో గుడిసెల సంగతి, నీళ్ల సంగతి, చనిపోయిన ముసలాయన సంగతి కూడా ఉండడంతో క్వారీ యజమాని మీద కేసు పడింది. దానికి పోటీగా అతను, పగలగొట్టినట్టు ఆమే ఒప్పుకుంది కదా అని అక్రమ ప్రవేశం కేసు పెట్టించాడు. మా కాలేజీ వాళ్లు, విద్యార్థుల్ని ప్రమాదంలోకి నెట్టావని మెమో ఇచ్చారు. పిల్లలు ఆవేశపడితే ఆపలేకపోయానని రాసిస్తే చాలన్నారు. ఆమె రాయలేదు. కేసు తేలేదాకా క్లాసులకు రావద్దన్నారు.

రెండేళ్లు పట్టింది. నేను సాక్షిని కాబట్టి ప్రతి వాయిదాకూ ఆమెతో వెళ్లేదాన్ని. పుంగనూరు నుంచి పలమనేరు మీదుగా కుప్పం, అక్కడ రైలెక్కి అవతలి తాలూకా కోర్టు. నాకు ఆమె బాగా దగ్గరైంది ఆ ప్రయాణాల్లోనే. ఉద్యోగం లేదన్న దిగులు ఆమె ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. మిద్దె మీద కనకాంబరాలు వేశానని, ఎన్నాళ్లుగానో చదవాలనుకున్న పుస్తకాలు చదువుతున్నానని చెప్పేవారు. చెనక్కాయలు రైల్లో ఎదుటి సీటువాళ్లకు కూడా పంచేవారు.

ఒకసారి మనసులో మాట అడిగేశాను. "మేడం, క్లాసులో నేను చెప్పిందే కదా మీరు చేసింది? లిమిట్స్ కాదన్నారు, సారు లేడన్నారు, మీరు ఆగలేదు. మరి కొసావోకు పోయినోళ్లది తప్పెట్లయితాది?"

ఆమె చెనక్కాయ వొలిచి గింజలు నా చేతిలో పెట్టారు.

"ఆ రోజు నువ్వు ర్వాండా గురించి అడిగింది నాకు చానా దినాలు నిద్ర పట్టనియ్యలేదమ్మా. గేటు ముందర నిలబడినప్పుడు అదే గుర్తొచ్చింది. కూర్చుని సూసేదానికి నా వల్ల కాలా. నువ్వు చెప్పిందాంట్లో అంతవరకూ నిజముండాది. కానీ నేను పైనుంచి బాంబెయ్యలా. చేత్తో తాళం కొట్టి, మనుషుల్ని తెచ్చుకుని, వెనక్కి వచ్చేసినా. ఇప్పుడు సూడు, వాయిదాకు పోతాండాను. నేను చేసింది ఒప్పని నాకనిపిస్తాది. అనిపించేది వేరే. తేల్చేదానికి ఒక మేజిస్ట్రేటు ఉండాడు. బాంబులేసినోళ్లు ఏ వాయిదాకు పోతాండారు?"

"వాళ్లను పిలిచే మేజిస్ట్రేటు లేడు కదా మేడం."

"అదే కదమ్మా బాధ. ఆ మేజిస్ట్రేటు ఉండేదాకా, హక్కుండాది అనొద్దు. తప్పని తెలిసే చేసినాము, మమ్మల్ని విచారించండి అని ముందుకు రమ్మను. అప్పుడు నమ్ముతాను."

నేను పూర్తిగా ఒప్పుకోలేదు. ఇప్పటికీ కొంత ఒప్పుకోను. వచ్చి నిలబడే ధైర్యం ఉన్నవాళ్లే సాయం చేయాలంటే, చాలామందికి సాయం అందదు. ఆ మాటే అన్నాను. "మంచి పాయింటు" అని ఆమె నాకు ఇంకో గుప్పెడు చెనక్కాయలు పెట్టారు.

కోర్టులో మేజిస్ట్రేటు, నేరం ఒప్పుకుంటున్నావా అని అడిగాడు. "తాళం పగలగొట్టింది నేనే. అది నేరమా కాదా చెప్పాల్సింది మీరు" అన్నారు మేడం. ఆ ఊరి పెద్దలాయరు ఒకాయన ఆమె తరఫున నిలబడ్డాడు. శిక్షాస్మృతిలో ఎనభై ఒకటో సెక్షన్ ఉంది. పెద్ద హాని తప్పించడానికి మంచి మనసుతో చేసిన చిన్న హాని నేరం కాదంటుంది. నా నోటుబుక్కు కోర్టులో దాఖలైంది. ముసలి వాచ్‌మన్ కూడా వచ్చాడు. ఎవరి వైపు చెబుతాడోనని నాకు భయం. "మూడుసార్లు అడిగింది సామీ" అన్నాడు అతను. "మా ఓనరు కూడా నన్ను అట్ల అడిగింది లేదు."

తీర్పు రోజు ఆమెను విడుదల చేశారు. నేను కోర్టు వరండాలోనే ఆమెను కౌగిలించుకున్నాను. ఆమె మాత్రం నకలు చేతికొచ్చేదాకా కదల్లేదు. రైల్లో కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి, దిద్దిన పరీక్ష పేపరు చూసుకునే పిల్లలా చదివారు. చివరి పేజీలో ఒక చోట వేలు పెట్టి నాకు చూపించారు. నిందితురాలి చర్యను నేరంగా చూడలేమని, అయితే ఇతరులు దీన్ని అనుమతిగా భావించరాదని, ప్రతి సందర్భాన్నీ కోర్టు విడిగా పరిశీలించాల్సిందేనని మేజిస్ట్రేటు రాశాడు.

"సూసినావా, విడిచిపెట్టి తిట్టినాడు కూడా. మంచి తీర్పు" అన్నారు, ముఖమంతా వెలిగిపోతుంటే.

కాలేజీ వాళ్లు ఆమెను మళ్లీ తీసుకున్నారు. క్వారీ కూలీలు వెట్టి నుంచి విడుదలై చాలామంది సొంత ఊళ్లకు పోయారు. ఆ ఏడాది చివర అంతర్జాతీయ న్యాయం ఇంటర్నల్ పరీక్షలో మేడం ఇచ్చిన పెద్ద ప్రశ్న గురించి మదనపల్లెలో చాలాకాలం చెప్పుకున్నారు. తన కేసు తీర్పునే, పేర్లు తీసేసి, ప్రశ్నపత్రంలో అచ్చు వేయించారు. కింద, "ఈ తీర్పు తప్పు అని వాదించండి" అని ఒకే వాక్యం.

ఆ సంగతి తెలిసి నేను పుంగనూరు వెళ్లాను. మిద్దె మీద చాప పరుచుకుని పేపర్లు దిద్దుతున్నారు. అందరూ మొహమాటపడి మేడంను వెనకేసుకొచ్చారని, ప్రశ్న సరిగా చదవలేదని మార్కులు కోశానని చెప్పారు. ఒక్క పేపరు మాత్రం విడిగా పెట్టి ఉంది. కుప్పం పక్క పల్లె నుంచి వచ్చే ఒక అమ్మాయి రాసింది. సాయంత్రమో రేపో వస్తామన్న పోలీసుల కోసం ఎందుకు ఆగలేదో, ఆగలేనంత అత్యవసరమని నిర్ణయించింది ఎవరో, డాక్టరు కాని మనిషి ఆ నిర్ణయం ఎలా చేస్తుందో వరసగా అడిగి, ఈమెకు శిక్ష పడి ఉండాల్సిందని తేల్చేసింది. ఎర్ర సిరాతో పైన ఇరవైకి ఇరవై.

"చదువు, చదువు" అని మేడం ఆ పేపరు నా చేతిలో పెట్టారు. "నన్ను జైలుకు పంపించేసిందమ్మా. ఎంత బాగా రాసిందో సూడు."